పాకెట్‌కు తగిలినా పదో పిన్ను ఎందుకు నిలబడుతుంది?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను, ఎందుకంటే సమాధానంలో సగం ఆ ప్రశ్నలోనే ఉంది. మీరు గాజువాకలో ఉంటారు, కుడిచేతి వాటం, రెండేళ్ళుగా ఆదివారాలు బౌలింగ్ ఆడుతున్నారు, సగటు స్కోరు 150 దగ్గర ఆగిపోయింది. బెంగళూరు వెళ్ళినప్పుడు 14 పౌన్ల రియాక్టివ్ బంతి, అంటే లేన్ మీద పట్టు దొరికి మలుపు తిరిగే రకం, కొని, మీ వేళ్ళ కొలతకు రంధ్రాలు వేయించుకున్నారు. ఇప్పుడు పది బంతుల్లో ఆరేడు పాకెట్‌కే, అంటే మొదటి, మూడో పిన్నుల మధ్య సందుకే తగులుతున్నాయి, అయినా పదో పిన్ను కదలడం లేదు. బలం పెంచి వేసి చూశారు, ఫలితం కనబడలేదు. మీ బావమరిది మాత్రం అక్కడ అందరికోసం ఉంచిన హౌస్ బాల్ ఏదో ఒకటి తీసుకుని తిన్నగా విసిరి, ఒక్క బంతికే పది పిన్నులూ పడగొట్టి స్ట్రైకులు కొడుతున్నాడు. ఇది అదృష్టమా, నా ఆటలో లోపమా అని అడిగారు.

కొంత అదృష్టం ఉంది, కాదనను. అయితే పదికి ఆరేడు సార్లు పాకెట్‌కు తగిలించగలిగిన మనిషికి ప్రతి ఆటలో నాలుగైదు సార్లు ఒకే పిన్ను మిగులుతుంటే దాన్ని అదృష్టం ఖాతాలో రాయకూడదు. బంతి పాకెట్‌కు తగలడం ఒక సంగతి, ఏ కోణంలో, ఏ స్థితిలో తగిలిందన్నది వేరే సంగతి. మీరు మొదటిది సాధించారు. రెండోదాన్ని ఇంతవరకు చూడలేదు. మీ ఉత్తరమంతా దాదాపు పదో పిన్ను గురించే ఉంది కానీ ఆరో పిన్ను గురించి ఒక్క ముక్క కూడా లేదు. దాన్నిబట్టే ఈ మాట అంటున్నాను.

పిన్నుల అమరిక మీకు తెలిసినదే అయినా ఇక్కడ కొలతలతో గుర్తు చేస్తాను. ముందు 1, దాని వెనుక ఎడమనుంచి 2, 3, తరువాతి వరుసలో 4, 5, 6, చివరి వరుసలో 7, 8, 9, 10. ఒక పిన్ను మధ్యనుంచి పక్క పిన్ను మధ్యకు 12 అంగుళాలు. పిన్ను కడుపు దగ్గర మందం 4¾ అంగుళాలు కనుక పక్కపక్క పిన్నుల నడుమ ఖాళీ 7¼ అంగుళాలు మిగులుతుంది. బంతి వ్యాసం 8½ అంగుళాలు. అంటే బంతి ఏ రెండు పిన్నుల మధ్యనుంచీ తాకకుండా దూరిపోలేదు. అలాగని పది పిన్నులనూ తానే తాకనూ లేదు. కుడిచేతి వాటం వారి మంచి స్ట్రైక్‌లో బంతి తాకేది 1, 3, 5, 9 అనే నాలుగు పిన్నులనే. మిగిలిన ఆరింటినీ పిన్నులే పడగొడతాయి: 1 వెళ్ళి 2ను, 2 వెళ్ళి 4ను, 4 వెళ్ళి 7ను, 3 వెళ్ళి 6ను, 6 వెళ్ళి 10ని, 5 వెళ్ళి 8ని. పదో పిన్నుకూ మీ బంతికీ నేరుగా ఏ సంబంధమూ లేదు, మధ్యలో ఇద్దరు దళారులు ఉన్నారు. బంతి మూడో పిన్నును ఎక్కడ తాకిందో దాన్నిబట్టి ఆరో పిన్ను దారి, దాన్నిబట్టి పదో పిన్ను గతి.

నేను వాల్తేరు రైల్వే క్వార్టర్లలో పెరిగినవాణ్ణి, అక్కడ సాయంత్రమైతే ప్రతి అరుగు మీదా క్యారంబోర్డు ఉండేది. క్యారమ్స్ ఆడినవారికి ఈ విషయం వెంటనే అర్థమవుతుంది. స్ట్రైకర్ బరువు 15 గ్రాములు, కాయిన్ 5 గ్రాముల పైచిలుకు, అంటే మూడింతలకు కాస్త తక్కువ. కాయిన్‌ను నిండుగా కొడితే అది తిన్నగా పోతుంది, అంచున తాకితే పక్కకు కోసుకుపోతుంది, ప్రతిసారీ స్ట్రైకర్ కూడా ఎంతో కొంత దారి తప్పుతుంది. బౌలింగ్‌లో పిన్ను బరువు కిలోన్నర పైచిలుకు, మీ 14 పౌన్ల బంతి 6 కిలోల 350 గ్రాములు, నాలుగింతలన్నమాట. కాబట్టి మొదటి పిన్నును తాకగానే మీ బంతి కూడా కుడివైపుకు కొంత తప్పుకుంటుంది. ఆ తప్పుకోవడం ఎక్కువైతే బంతి మూడో పిన్నును అంచున తాకవలసింది నిండుగా తాకుతుంది; మూడో పిన్ను కుడికి పోకుండా వెనక్కి పోతుంది; ఆరో పిన్ను ఎడమ అంచు మాత్రమే దానికి దొరుకుతుంది; దాంతో ఆరో పిన్ను పదోదాని మీదికి వెళ్ళకుండా, దాని ముందునుంచి జారి, కుడి గట్టర్‌లో, అంటే లేన్ పక్కనున్న కాలువలో, నీరసంగా పడుకుంటుంది. పదో పిన్ను ఏమీ జరగనట్టు నిలబడి ఉంటుంది. దీన్నే ఆటగాళ్ళు ఫ్లాట్ టెన్ అంటారు.

ఇంకో రకం ఉంది, చూడటానికి అచ్చం స్ట్రైక్‌లాగే ఉంటుంది. తొమ్మిది పిన్నులు పెద్ద చప్పుడుతో ఎగిరిపోతాయి, ఆరో పిన్ను గాలిలో లేచి పదోదాని మెడ ముందునుంచి దాటి, పక్క గోడకు కొట్టుకుని, వెనుకనుంచి చుట్టుకుని వస్తుంది, పదో పిన్నును మాత్రం తాకదు. దీన్ని రింగింగ్ టెన్ అంటారు. ఇది అంగుళంలో చిన్న భాగం తేడాతో జరిగే పని. ఫ్లాట్ టెన్ మాత్రం జబ్బు. రెండింటిలోనూ స్కోరుబోర్డు మీద 9 అనే పడుతుంది, అందుకే స్కోరు చూసి ఎవరూ దీన్ని కనిపెట్టలేరు.

ఈ ఆటను నేను నౌకల్లో ఇంజనీరుగా తిరిగిన రోజుల్లో నేర్చుకున్నాను. మనీలాలో ఒకసారి మా ఓడ మరమ్మతుకు ఆగినప్పుడు నెలకు పైగా రోజూ సాయంత్రం ఒకే చోటికి వెళ్ళి ఆడేవాణ్ణి. అక్కడ బూట్లు ఇచ్చే పెద్దాయన మూడో వారమో నాలుగో వారమో ఒక ప్రశ్న వేశాడు: బంతి పిన్నులను తాకే క్షణానికే నువ్వు వెనక్కి తిరిగిపోతావెందుకు? నిజమే, నాకు ఆ అలవాటుండేది. చప్పుడు విని, తెర మీద అంకె చూసుకుని, కుర్చీ వైపు నడిచేవాణ్ణి. ఆ రోజునుంచి బంతి వెనుక గుంటలో పడేదాకా ఫౌల్ లైన్ దగ్గరే, అంటే బంతి వదిలే గీత దగ్గరే, నిలబడటం మొదలుపెట్టాను. పదిహేను రోజుల్లో నా ఆట గురించి అంతకుముందు మూడేళ్ళలో తెలియనిది తెలిసింది.

మీరూ మొదట చేయవలసింది ఇదే. ముందు పిన్నుల వెనుక అంచు మీద బంతి ఎక్కడ మాయమవుతోందో చూడండి. ఎనిమిదో, తొమ్మిదో పిన్నులు ఉండే చోట్ల మధ్యన పడితే బంతి పని సవ్యంగా చేసింది. తొమ్మిదికి కుడివైపు పడితే పిన్నుల చేత తన్నులు తిని పక్కకు తప్పుకుంది. ఎనిమిది వైపు పడితే కోణం అవసరానికి మించి వాలుగా ఉంది. అలాంటప్పుడే తొమ్మిదో పిన్ను ఒంటరిగా మిగలడం చూస్తాం. ఆ తరువాత ఆరో పిన్ను ఎటు పోయిందో చూడండి. కంటికి అందకపోతే ఫోన్‌ను స్లో మోషన్‌లో పెట్టి, వెనుకనుంచి పిన్నుల మీదికి జూమ్ చేసి తీయమని మీ బావమరిదికే చెప్పండి.

ఇక కోణం సంగతి. పాకెట్ అంటే, ముందు వరుస లెక్కలో, కుడినుంచి పదిహేడున్నరో బోర్డు. బోర్డులంటే లేన్ పొడవునా పరిచిన సన్నని చెక్కపట్టీలు; లేన్ వెడల్పు 39 బోర్డులు, ఒక్కో బోర్డు అంగుళం కంటే వెంట్రుకవాసి ఎక్కువ. ఫౌల్ లైన్ నుంచి మొదటి పిన్నుకు 60 అడుగులు. ఇప్పుడొక లెక్క వేయండి. కుడి గట్టర్ అంచునుంచి, అంటే మొదటి బోర్డునుంచి, గీత గీసినట్టు తిన్నగా పాకెట్‌కు వేశారనుకుందాం. అరవై అడుగుల దూరంలో బంతి ఎడమకు జరిగేది పదిహేడున్నర అంగుళాలే. కోణం ఒకటిన్నర డిగ్రీ కూడా రాదు. స్ట్రైక్‌కు అనువైన కోణం 4 నుంచి 6 డిగ్రీలు, 6కు దగ్గరపడేకొద్దీ పాకెట్‌లో ఒకటి అర బోర్డు అటూ ఇటూ అయినా పిన్నులు క్షమిస్తాయి. అంత కోణం తిన్నటి బంతితో ఈ లేన్ మీద జ్యామితిపరంగానే సాధ్యం కాదు, బంతి మలుపు తిరగవలసిందే. 6 డిగ్రీలంటే కంటికి ఎలా ఉంటుందో చెబుతాను: చివరి 10 అడుగుల్లో బంతి సుమారు 12 బోర్డులు ఎడమకు రావాలి. 4 డిగ్రీలకు 8 బోర్డులు. మీ వీడియోలో 4 బోర్డులే వస్తుంటే కోణం 2 డిగ్రీలన్నమాట, ఆ పాకెట్ పేరుకే పాకెట్.

మీ బావమరిది సంగతి ఇక్కడే తేలిపోతుంది. ఆయన బంతికి కోణం లేదు, ఆయన స్ట్రైకులలో చాలావరకు బంతి మొదటి పిన్నుకు ఎడమపక్క దాటిపోయి తగిలినవో, పలుచగా తాకి పిన్నులు ఒకదానిమీద ఒకటి దొర్లి పడినవో అయి ఉంటాయి. వాటినీ స్ట్రైకులనే లెక్కవేస్తారు, ఆయన ఆనందాన్ని మనం కాదనవద్దు. ఒక్క ఆటలో కాకుండా పది ఆటల మొత్తం పక్కపక్కన రాసి చూడండి.

ఇప్పుడు మీకు కోణం ఎందుకు రావడం లేదన్నది చూడాలి, అసలు చిక్కంతా ఇక్కడ ఉంది. బంతి చేతినుంచి వెళ్ళాక మూడు దశలు దాటుతుంది. లేన్ మీద పూసిన నూనె ఉన్న మేర జారుతుంది. నూనె అయిపోయాక పట్టు దొరికి మలుపు తిరుగుతుంది. ఆ తరువాత జారుడూ మలుపూ రెండూ ముగిసి కేవలం దొర్లుతుంది. సాధారణంగా మనం ఆడే లేన్ల మీద నూనె సుమారు 40 అడుగుల దాకా ఉంటుంది, మధ్యలో దట్టంగా, అంచుల్లో పలుచగా. మిగిలిన 20 అడుగుల్లో మలుపు పూర్తయి, దొర్లుడు అప్పుడే అందుకున్న బంతి పాకెట్‌కు తగలాలి. ఇందులో రెండు విధాల తప్పు జరగవచ్చు. బంతి ఆలస్యంగా మేలుకుంటే, అంటే పిన్నుల దగ్గరికి వచ్చేసరికి కూడా ఇంకా జారుతూనే ఉంటే, కోణం పూర్తికాదు. తొందరగా మేలుకుంటే ముప్పై అడుగుల దగ్గరే మలుపు తిరిగి, చివరి పదిహేను అడుగులు దొర్లి దొర్లి, పక్కతిరుగుడంతా అక్కడే ఖర్చుపెట్టుకుని, పిన్నుల దగ్గరికి ఒట్టి చేతులతో వస్తుంది. రెండు సందర్భాల్లోనూ మిగిలేది అదే పదో పిన్ను. నిలబడిన పిన్ను ఒకటే, మందులు మాత్రం రెండు, పైగా ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధం. పదో పిన్నును మాత్రమే చూసి సర్దుబాటు చేసుకునేవారు సగం సార్లు జబ్బును పెంచుకుంటారని నేననేది ఇందుకే.

ఏది మీ జబ్బు? ఒక గుర్తు చెబుతాను. మొదటి ఆటలోనే పదో పిన్నులు మిగిలి, తరువాత తగ్గుతుంటే బంతి ఆలస్యంగా మేలుకుంటోంది. నూనె తాజాగా ఉంది, ఆడేకొద్దీ అరిగి మీకు సాయపడుతోంది. మొదటి ఆట బాగా సాగి, రెండో ఆట సగంనుంచో మూడో ఆటనుంచో పదో పిన్నులు మొదలైతే బంతి తొందరపడుతోంది. నూనె అరిగిపోయింది, మీరు మాత్రం పాత చోటే నిలబడి వేస్తున్నారు. ఆదివారం సాయంత్రాలు, అప్పటికే వందమంది ఆడి వెళ్ళిన లేన్ మీద, బలమైన రియాక్టివ్ బంతితో ఆడేవారికి నూటికి ఎనభై పాళ్ళు రెండోదే అయి ఉంటుందని నా అనుమానం. చూడకుండా తీర్పు చెప్పను కానీ పందెం కాయమంటే అటే కాస్తాను.

ఈ రెండో జబ్బుతో నేనే దాదాపు ఆరు నెలలు అవస్థ పడ్డాను. బంతి ఎంత ఎక్కువగా తిరిగితే అన్ని స్ట్రైకులు వస్తాయనుకుని, సింగపూర్‌లో ఒక గరుకు ఉపరితలం ఉన్న బంతిని తగిన ధర కంటే ఎక్కువ పెట్టి కొన్నాను. తెచ్చి వేస్తే కొబ్బరిచెట్టు వంగినట్టు వంపు తిరిగేది, చూసేవారు ముచ్చటపడేవారు, తొమ్మిది పిన్నులు పడేవి. నేను ఇంకా తిరగాలనుకుని ఉపరితలాన్ని ఇంకా గరుకు చేయించాను. పదో పిన్నులు పెరిగాయి. చివరికొక రోజు విసుగెత్తి పాత నున్నటి బంతితో వేస్తే, వంపు సగమే ఉంది కానీ పిన్నుల్లోకి వెళ్ళేటప్పుడు నిలువునా కోసుకుంటూ వెళ్ళింది. మా చిన్నప్పుడు ఎండాకాలం క్యారంబోర్డు మీద బోరిక్ పౌడర్ లేకుండా స్ట్రైకర్ సగంలోనే చచ్చిపోయేది, పౌడర్ చల్లగానే చివరిదాకా ప్రాణంతో పోయేది. తెలిసిన పాఠాన్నే డబ్బు పోసి మళ్ళీ నేర్చుకున్నాను.

కాబట్టి బంతి తొందరపడుతుంటే, పాదాలను ఎడమకు రెండు బోర్డులు జరిపి, లేన్ మీద చూపు పెట్టే బాణం గుర్తును ఎడమకు ఒక బోర్డు జరపండి. నూనె ఎక్కువున్న చోటునుంచి బంతి వెళుతుంది, మేలుకోవడం ఆలస్యమవుతుంది, చివర్లో ప్రాణం మిగులుతుంది. ఒకసారి జరిపి చాలకపోతే మళ్ళీ అంతే జరపండి. పాదాలనూ గురినీ కలిపి జరపడం ఎందుకంటే, బాణాలు ఫౌల్ లైన్‌కు సుమారు 15 అడుగుల్లో ఉంటాయి, మిగతా దూరం 45 అడుగులు. గురి మార్చకుండా పాదాలు మాత్రమే ఒక బోర్డు జరిపితే పిన్నుల దగ్గర తేడా మూడు బోర్డులు అవుతుంది, పాకెట్టే తప్పిపోతుంది. బంతి ఆలస్యం చేస్తుంటే ఇదే పనిని కుడివైపుకు చేయండి, లేదా వేగం కొద్దిగా తగ్గించండి. నిలబడే చోటును ఆరు అంగుళాలు ముందుకో వెనక్కో మార్చమని కొందరు చెబుతారు. అది అడుగుల లయ గట్టిగా కుదిరినవారికి పనికివస్తుంది. మనలాంటి ఆదివారం ఆటగాళ్ళకు దానివల్ల అడుగులు తడబడటమే ఎక్కువ చూశాను.

బలం పెంచి చూశామన్నారు కదా, అదెందుకు పనిచేయలేదో రెండు కారణాలున్నాయి. వేగం పెరిగితే నూనె దాటాక బంతికి పట్టు దొరికే సమయం తగ్గుతుంది, కోణం తగ్గుతుంది. పిన్నులు కూడా ఎత్తుగా ఎగురుతాయి, ఎగిరిన పిన్ను పక్క పిన్ను నెత్తిమీదుగా పోతుంది. మనకు కావలసింది నేలబారుగా, అడ్డంగా ఊడ్చుకుపోయే పిన్ను. ఇంకో కారణం మీ చేతిలో ఉంది. బలంగా వేయాలనుకున్నప్పుడు భుజం బిగుసుకుంటుంది, మోచెయ్యి బయటకు తిరుగుతుంది, బొటనవేలు ఆలస్యంగా బయటపడుతుంది. వేగం పెరుగుతుంది కానీ తిరుగుడు పోతుంది. చేతినుంచి విడిచిన క్షణంనుంచి మొదటి పిన్ను దాకా ఫోన్‌లో సమయం చూడండి. 2.2 నుంచి 2.5 సెకన్ల మధ్య ఉంటే వేగం చాలు, అంతకంటే తగ్గించే ప్రయత్నం వద్దు. 16 పౌన్ల బంతి కొనాలా అనే ఆలోచన వచ్చి ఉంటే దాన్నీ పక్కన పెట్టండి. బరువైన బంతి తక్కువ తప్పుకుంటుందన్నది నిజమే, కానీ మీరు దాన్ని ఇదే వేగంతో, ఇదే తిరుగుడుతో వేయగలిగినప్పుడే ఆ లాభం దక్కుతుంది. ఇవాళ ప్రొఫెషనల్ ఆటగాళ్ళలోనే చాలామంది 15 పౌన్లతో ఆడుతున్నారు.

తిరుగుడు వచ్చేది మణికట్టు మెలిపెట్టడం వల్ల కాదు. చెయ్యి గడియారపు లోలకంలా ఊగి కిందికి వచ్చి చీలమండ దాటే చోట ముందు బొటనవేలు వదలాలి, ఆ తరువాత నడిమి రెండు వేళ్ళు బంతి వెనుకనుంచి పక్కకు నడిపి పైకి వదలాలి. చివరికి మీ అరచెయ్యి ఎదుటివారికి చెయ్యి కలపడానికి చాపినట్టు ఉండాలి. ఇది కుదరాలంటే బొటనవేలి రంధ్రం సరిపోవాలి. మన ఊరి సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. బయట సముద్రపు గాలి చెమ్మ, లోపల ఏసీ. కారు దిగి వచ్చేసరికి వేళ్ళు ఉబ్బి, చెమటతో జిగురుగా ఉంటాయి, గంట గడిచాక చల్లబడి సన్నబడతాయి. అదే రంధ్రం మొదటి ఆటలో బిగుతు, మూడో ఆటలో వదులు. వదులైన రంధ్రాన్ని మనకు తెలియకుండానే బొటనవేలు వంచి పట్టుకుంటాం, పట్టుకున్న బొటనవేలు సమయానికి వదలదు. రంధ్రం లోపల అంటించే బౌలింగ్ టేపు ముక్కలు దగ్గర పెట్టుకోండి. మూడో ఆటలో ఒకటి అదనంగా వేయండి, వేళ్ళు ఉబ్బినప్పుడు ఒకటి పీకేయండి. నా సంచిలో బంతికంటే ముందు నేను వెతుక్కునేది ఆ టేపు డబ్బానే. జూన్ దాటాక ఇంకో సంగతి: తడి అంటిన బూటు అడుగు అప్రోచ్ మీద, అంటే బంతి వేసేముందు నడిచే చోట, జారక టక్కున ఆగుతుంది, మనిషి ముందుకు తూలుతాడు. వానలో వచ్చిన రోజున బూట్ల అడుగులు తుడిచి, బంతి లేకుండా రెండుసార్లు జారి చూసుకున్నాకే ఆడండి.

బంతి శుభ్రత కూడా పిన్నుల మీద కనిపిస్తుంది. రియాక్టివ్ ఉపరితలం నూనెను పీల్చుకుంటుంది. ప్రతి బంతి తరువాత పొడి మైక్రోఫైబర్ గుడ్డతో నూనె గీతను తుడవాలి. ఆట ముగిశాక ఇంటికి తెచ్చుకునేముందే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే మంచిది, ఎండిపోయాక లోపలికి దిగిన నూనె త్వరగా రాదు. పోటీల్లో మాత్రం జాగ్రత్త: యునైటెడ్ స్టేట్స్ బౌలింగ్ కాంగ్రెస్ నియమాల ప్రకారం 2020 ఆగస్టునుంచి ఆట సాగుతుండగా పొడి గుడ్డ తప్ప ద్రవాలేవీ వాడకూడదు. ఎండాకాలంలో బంతిని కారు డిక్కీలో వదిలేయకండి. మధ్యాహ్నం రెండు గంటలు బీచ్ రోడ్డున ఆపిన కారులో బంతి పగిలిన సందర్భం నాకు తెలుసు, ఆ బంతి ఎవరిదని మాత్రం అడగకండి.

మీరు ఆడే చోట పిన్నుల తలకు తాళ్ళు కట్టి ఉన్నాయో లేవో మీరు రాయలేదు. మాల్స్‌లో పెట్టే చిన్న లేన్లలో ఇప్పుడు చాలాచోట్ల తాళ్ళ యంత్రాలే వస్తున్నాయి, నిర్వహణ ఖర్చు తక్కువ కనుక. తాడు ఉన్న పిన్ను విడి పిన్నులా దొర్లదు, గోడకు కొట్టుకుని అదే విధంగా వెనక్కి రాదు. యునైటెడ్ స్టేట్స్ బౌలింగ్ కాంగ్రెస్ కూడా 2023లో తాళ్ళ పిన్నుల ఆటను వేరే విభాగంగానే గుర్తించింది. మీ చోటు అలాంటిదే అయితే, పదో పిన్నులలో కొన్ని తాడు పుణ్యమేనని అనుకుని ఊరుకోండి. బంతి ఎక్కడ మాయమవుతోందన్న గుర్తు మాత్రం అక్కడ కూడా పనిచేస్తుంది.

మిగతా మిగుళ్ళ గురించి క్లుప్తంగా. నాలుగో పిన్ను ఒంటరిగా మిగిలితే బంతి కాస్త నిండుగా, ఎడమకు వచ్చింది. ఐదో పిన్ను మిగిలితే బంతి పలుచగా తాకి, కుడికి బాగా తప్పుకుని, మధ్యకు వెళ్ళలేకపోయింది. ఎనిమిది, పది రెండూ కలిసి మిగిలితే అది ఫ్లాట్ టెన్‌కు ముదిరిన రూపం. తప్పుకున్న బంతి ఐదో పిన్నును కుడివైపున తాకి దాన్ని ఎనిమిదికి ఎడమగా తోసేసింది. మీ ఉత్తరంలో ఈ రెంటి ప్రస్తావన ఉంది, నా పందేనికి అదీ ఒక ఆధారం. ఎడమచేతి వాటం ఉన్నవారు పదికి బదులు ఏడు, ఆరుకు బదులు నాలుగు అని చదువుకోవాలి.

ఇవన్నీ సరిచేసుకున్నా పదో పిన్ను అప్పుడప్పుడూ నిలబడుతుంది. అప్పుడేం చేస్తున్నారన్నది మీరు రాయలేదు, సగటు 150 అంటే మాత్రం నాకు అనుమానమే. పది ఫ్రేముల్లోనూ, అంటే ఆటలోని పది వంతుల్లోనూ, ఒక్క స్ట్రైక్ లేకుండా ప్రతిసారీ తొమ్మిది కొట్టి, మిగిలిన ఒక్కదాన్ని రెండో బంతితో తీసి, చివరి అదనపు బంతికి కూడా తొమ్మిదే కొట్టిన ఆటకు స్కోరు 190. అంటే మీకూ 190కీ మధ్య ఉన్న నలభై పాయింట్లలో ఎక్కువ భాగం స్ట్రైకుల్లో లేదు, ఆ మిగిలిన పిన్నులో ఉంది. దానికి మీ రియాక్టివ్ బంతి వాడకండి. అక్కడున్న ప్లాస్టిక్ హౌస్ బాల్‌లలో మీ బరువుకు దగ్గరది తీసుకుని, ఎడమ అంచున నిలబడి, లేన్‌ను మూలనుంచి మూలకు దాటేట్టు, మణికట్టు తిప్పకుండా తిన్నగా వేయండి. ఈ ఒక్క విషయంలో మీ బావమరిది మీకు గురువు.

వచ్చే ఆదివారం మూడు ఆటలు ఆడి, ఒక కాగితం మీద నాలుగు గడులు గీసుకోండి. పాకెట్‌కు తగిలిన ప్రతి బంతికీ ఏ ఆటలో ఎన్నో ఫ్రేమ్, ఏ పిన్ను మిగిలింది, ఆరో పిన్ను ఎటు పోయింది, బంతి వెనుక ఎక్కడ మాయమైంది అని రాసుకోండి. ఆ కాగితం ఫోటో తీసి పంపితే రెండు బోర్డులు ఎటు జరగాలో ఖచ్చితంగా చెబుతాను. మూడో గడి ఖాళీగా ఉంటే మాత్రం పంపవద్దు, ఇంకో ఆదివారం ఆడి రండి.